మట్టి తిరిగిచ్చిన ముఖం

పోయిన వారం కథలో, ఛాసిబ్ చేతిలో పార గాల్లో ఉండగా వాణ్ణక్కడే వదిలేసి మనం ఎవరి పనులకి వాళ్ళం పోయాం. పాపం, వారం రోజులుగా నడినెత్తిన ఎండ కాస్తుంటే ఆ పార అలాగే ఎత్తి పట్టుకుని ఉన్నాడు. ముందు దాన్ని దింపనిద్దాం.

దింపేలోగా రెండు ముక్కలు. ఐదేళ్ళ కిందట తురుష్కుల పక్షాన ఇంగ్లీషువాళ్ళ మీదికి యుద్ధానికి పోయిన రుమైథా పల్లెల జనంలో ఈ ఛాసిబూ, వాడి అన్న జబాలా కూడా ఉన్నారు. షుఐబా దగ్గర దండు విరిగి, దొరికినవాడు దొరికిన దిక్కుకి పరుగు పెడుతుంటే, ఛాసిబ్‌కి బురదలో బోర్లా పడి ఉన్న శవం ఒకటి కాలికి తగిలింది. ఒంటిమీద అన్న కంబళి. మొహమంతా నెత్తురూ బురదా కలిసి కట్టిన అట్ట. దాన్ని తుడవలేదు, తుడవకూడదు కూడా. ధర్మయుద్ధంలో పోయినవాడికి స్నానం చేయించరు, బట్ట మార్చరు. వాడి నెత్తురే వాడికి నీళ్ళు, వాడి కంబళే వాడికి చివరి బట్ట, కఫను. పుణ్యభూమి నజఫ్ నేలదాకా మోసుకుపోదామంటే వెనక గుర్రాల చప్పుడు. అందుకని ఆ ఎడారి అంచునే గొయ్యి తీసి, అన్నని మట్టికి అమానతు పెట్టాడు. "ఓ మట్టీ, కిస్మా కొడుకు జబాలాని ఐదేళ్ళు నీ దగ్గర దాస్తున్నాను. మళ్ళీ నేనే వచ్చి తీసుకుంటాను. అంతదాకా తినకు" అని. పేరూ గడువూ చెప్పి అప్పగించినదాన్ని మట్టి ముట్టుకోదు. ఆ సంగతి అక్కడ పసిపిల్లకీ తెలుసు.

గడువు నిండి నాలుగు నెలలు దాటింది. శవాన్ని కదిలించడానికి దొరల కాగితం రావడం ఆలస్యమైంది. ఈలోపల జరిగిన ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. అన్న భార్య ఫిద్దాని ఛాసిబ్ పెళ్ళి చేసుకుని మూడేళ్ళయింది. వాళ్ళకి రెండేళ్ళ కూతురు, ధహబ్. ఫిద్దా అంటే వెండి, ధహబ్ అంటే బంగారం. "వెండి కడుపున బంగారం పండింది" అని ఛాసిబ్ తల్లి కిస్మా ఊరందరి చెవులూ చిల్లులు పడేలా చెప్పుకుంది. అన్న మట్టిలో ఉన్నాడు కాబట్టే ఆ పెళ్ళి పెళ్ళి అయింది, ఆ పిల్ల పిల్ల అయింది. ఇది గుర్తుంటే చాలు.

పార దిగింది. ఖంగుమంది.

"మెల్లిగా కొట్టరా అబ్బాయ్," అన్నాడు మత్రూద్. "లోపలున్నవాడు చచ్చినవాడే గాని పరాయివాడు కాదు. పార తగిలిందంటే నజఫ్ దాకా దారంతా నా చెవిలో సణుగుతాడు."

మత్రూద్ శవాలు మోసి బతికే ముసలివాడు. ముప్పయ్యేళ్ళుగా ఎక్కడెక్కడి పీనుగుల్నీ రెల్లుచాపల్లో చుట్టి, కంచరగాడిదల మీద కట్టి నజఫ్‌కి చేరుస్తున్నాడు. తన వృత్తి అంటే అతనికి గొప్ప. "నా సవారీలు దాహమనరు, నడుము నొప్పనరు. దిగాక దారి బాలేదని తిట్టరు" అంటాడు.

"నీతో ఇన్నేళ్ళు వేగింది వాళ్ళేలే, మత్రూదూ. బతికున్నవాళ్ళెవరూ నీ కబుర్లకి రెండు ఆమడలు తట్టుకోలేరు," అంది కిస్మా.

ఆమె గొయ్యి గట్టున గొంతుక్కూర్చుని ఉంది. రెండు కళ్ళలోనూ పువ్వులు వేసి చూపు పోయి పన్నెండేళ్ళు. వద్దమ్మా, నాలుగు రోజుల దారి, ఎండలు మండిపోతున్నాయి అని ఛాసిబ్ ఎంత మొత్తుకున్నా వినలేదు. ఈ వారమే పోవాలంది, తానూ వస్తానంది. రుమైథా దగ్గర తెగలవాళ్ళు దొరల మీద లేచేటట్టున్నారు, దారులు మూసుకుపోతాయి అంటే, అందుకే ఇప్పుడే పోవాలంది. ఆమె మాటే నిజమైంది. రెండు రోజులుగా ఇనుపదారి మీద బండి లేదు. పట్టాల పక్కన బారుగా పాతిన తీగ స్తంభాలు మాత్రం గాలి లేకుండానే గుయ్యిమంటున్నాయి, ఎవరో దూరాన నోరు మూసుకుని ఏడుస్తున్నట్టు.

మోకాలి లోతు తవ్వేసరికి గోతిలోంచి చలి వచ్చింది.

ఛాసిబ్ ముందు నమ్మలేదు. చెమట పట్టిన ఒంటికి ఏ గాలో తగిలిందనుకున్నాడు. గాలెక్కడుంది? ఎండలో ఇసుక నూనె కాగినట్టు మరుగుతోంది. గోతిలో మాత్రం కాళ్ళు జిల్లుమంటున్నాయి. తలెత్తి తల్లి వంక చూశాడు.

"నాకూ తగులుతోందిరా," అంది కిస్మా అడక్కుండానే. "నీళ్ళకూజా మూతి దగ్గర మొహం పెట్టినట్టుంది."

మత్రూద్ హాస్యం ఆగిపోయింది. గోతిలోకి వంగి, మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. "గడువు దాటినవాటిని చాలా తీశాను. మూటెడు ఎముకలు దొరికేవి, దులిపి కట్టుకుపోయేవాణ్ణి. ఈ చలి ఎన్నడూ ఎరగను." చేతులు దులుపుకుని, "పిలువు," అన్నాడు. "అప్పగించినవాడివి నువ్వు. నువ్వే పిలవాలి. వాడి పేరూ, తల్లి పేరూ చెప్పి మూడుసార్లు పిలిచావంటే మట్టి వదులవుతుంది."

ఛాసిబ్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "కిస్మా కొడుకు జబాలా! గడువు తీరింది. నేను ఛాసిబ్‌ని, వచ్చాను." గొంతు గోతిలో పడి అక్కడే చచ్చిపోయింది. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచాడు.

మట్టి బిగుసుకుంది.

ఇదేమిటో పసిగట్టినవాడు మత్రూద్ ఒక్కడే. తర్వాత ఎన్నాళ్ళో ఎవరితోనూ అనలేదు. అప్పటిదాకా పెళ్ళలు పెళ్ళలుగా ఊడి వచ్చిన నేల, మూడో పిలుపుతో ఆవంలో కాలిన ఇటుకలా గట్టిపడింది. తన మనిషి కానివాడు పిలిస్తే తలుపు గడియ పెట్టుకునే ఇల్లాలిలా. ఇద్దరూ కలిసి ఉలితో కొట్టినట్టు చెక్కుకుంటూ పోవలసి వచ్చింది. కంబళి అంచు బయటపడేసరికి పొద్దు కొంచెం వాలింది.

"ఇటివ్వు," అంది కిస్మా. చేయి చాచి అంచు తడిమింది. "నాదే. నా మగ్గం మీద నేసిందే. ఈ మూల పోగు తెగితే నోటితో ముడేశాను, ఇదిగో." ముడి దగ్గర వేలు ఆపుకుని ఏడిచింది. అది నిజమైన ఏడుపే. దాంట్లో దొంగతనం లేదు.

శవం చెక్కు చెదరలేదు. గడువు దాటిన నాలుగు నెలలూ మట్టి దాన్ని నోట పెట్టుకోలేదు. చేతులు కాస్త ఎండి తోలు రంగుకి తిరిగాయి, అంతే. మొహం మీద ఐదేళ్ళనాటి ఆ అట్ట అలాగే ఉంది. మత్రూద్ ఈనెల కుంచెతో దాని అంచులు కదిపాడు. పొయ్యి గోడకి కాలిన రొట్టె ఊడివచ్చినట్టు అట్టంతా ఒక్కసారిగా చేతికి వచ్చేసింది.

కింద మొహం నిద్రపోతున్నట్టుంది. రెప్పల వెంట్రుకలు కూడా ఉన్నాయి. నూనూగు మీసం. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. ఇంకా పూర్తిగా గడ్డం రాని కుర్రవాడు.

జబాలాకి అప్పటికే ముప్పై దాటాయి.

ఛాసిబ్‌కి ముందు గుండె దడ రాలేదు, ఏడుపు రాలేదు. ఫిద్దా గుర్తొచ్చింది. బయల్దేరిన రోజు గుమ్మంలో ధహబ్‌ని చంకనేసుకుని నిలబడ్డ ఫిద్దా. ఆ మనిషి తనకేమవుతుంది? ఆ పిల్లని ఊళ్ళో ఏమని పిలుస్తారు?

"తీశారా మొహం?" కిస్మా గోతిలోకి జారింది. "జరగండి. నన్ను చూడనివ్వండి."

ఆమె చూడటమంటే వేళ్ళతోనే. వేళ్ళు నుదుటి మీద ఆగలేదు, మీసం మీద ఆగలేదు. తిన్నగా ఎడమ చెవి తమ్మె దగ్గరికి పోయాయి. జబాలాకి ముందు పుట్టిన ముగ్గురు పిల్లలూ పాలు మానకుండానే పోయారు. నాలుగోవాడు దక్కాలని పేరు జబాలా అని పెట్టుకుంది. జబాలా అంటే చెత్త. చెత్తనెవరు ఎత్తుకుపోతారు? అదీ చాలక ఎడమ చెవికి తానే ఖర్జూరపు ముల్లుతో చిల్లు పొడిచింది. ఆ చిల్లు పెద్దదై, చిటికెనవేలు దూరేటంత అయింది.

ఈ చెవికి చిల్లు లేదు. ఛాసిబ్‌కి కనబడుతూనే ఉంది. తల్లి వేళ్ళు ఆ తమ్మెని ఒకసారి నలిపాయి, రెండోసారి నలిపాయి. ఆగిపోయాయి.

"నా బిడ్డే," అంది కిస్మా పెద్దగా. "నా చెత్తకుప్పే. నా జబాలాయే. చుట్టు, మత్రూదూ, చుట్టు. పొద్దు పోతోంది."

మత్రూద్ ఆమె వంక చూశాడు, ఛాసిబ్ వంక చూశాడు. ముప్పయ్యేళ్ళు పీనుగుల ఇళ్ళకి వెళ్ళినవాడు. ఎప్పుడు చెవుడు తెచ్చుకోవాలో తెలిసినవాడు. "చాప తెస్తాను," అని లేచాడు.

ఛాసిబ్ తల్లి రెక్క పట్టుకుని గోతిలోంచి లాగి, గాడిదల అవతలికి తీసుకుపోయాడు. "అమ్మా, చెవి తడిమావు."

"తడిమాను."

"చిల్లు లేదు."

"పూడిపోయింది."

"చచ్చినవాడి చెవి పూడుతుందా అమ్మా? ఎవర్ని నమ్మించాలని?"

"ఊరిని," అంది కిస్మా. "నీకు బుర్ర లేదని తెలుసు గాని మరీ ఇంతలా లేదని తెలీదు. గొంతు తగ్గించు. ఈ లోపలున్నవాడు జబాలా కాకపోతే జబాలా ఎక్కడున్నట్టు? అది అడుగుతారు ముందు. దాని తర్వాత ఫిద్దాని అడుగుతారు, నువ్వెవరి పెళ్ళానివే అని. ఆ తర్వాత నా బంగారుతల్లి పెద్దదయ్యాక, దాన్నేమని పిలుస్తారో నా నోటితో అనిపిస్తావా?"

"అన్న ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు? వాడూ పోయే ఉంటాడు, ఇంకోచోట—"

"పోలేదు."

ఆ మాట ఆమె ఎంత మామూలుగా అందంటే, పాలు విరగలేదు అన్నట్టుంది.

"పండగ ముందురోజు బర్రె దగ్గర కూర్చుని పాలు పితుకుతున్నాను. వెనకనుంచి 'అమ్మా' అన్నాడు. చెంబు కింద పడేశాను. చెవి తడిమాను. చిల్లుంది." ఒక్క క్షణం ఆమె మొహం పెళ్ళికూతురి మొహంలా వెలిగి, ఆరిపోయింది. "హిందూదేశంలో ఉంచారట్రా. బళ్ళారి అని ఊరట. గుండు కొండ, దాని కింద ముళ్ళతీగల దొడ్డి, దాంట్లో వేలమంది మనవాళ్ళూ తురుష్కులూ. అక్కడి ఎండ మన ఎండకి సొంత చెల్లెలట. సిపాయిలని పట్టుకుపోయి అక్కడ పడేశారు."

"సిపాయిలనా? మనం సిపాయిలం కాదుగా?"

"అదే చెప్పాడు. సర్కారు చొక్కా ఉన్నవాణ్ణి ఖైదీ అని పట్టుకుపోయేవారట, మనలాంటివాళ్ళు దొరికితే అక్కడికక్కడే కాల్చేసేవారట. ఒక తురుష్కు సిపాయి ప్రాణం పోతూ, నా చొక్కా తొడుక్కో, నువ్వైనా బతుకు అన్నాడట. తొడుక్కుని, చలికి వణుకుతున్నాడని తన కంబళి వాడికి కప్పాడట. పుణ్యాత్ముడు, నా బిడ్డ ప్రాణం కాపాడాడు. వాణ్ణి నజఫ్‌లో పెడితే పాపమేముందిరా? నీ అన్న పేరు పెట్టుకుని స్వర్గానికి పోతాడు."

అన్న బతికే ఉన్నాడన్న సంతోషం రావాలి కదా, వస్తుందేమోనని చూసుకున్నాడు ఛాసిబ్. రాలేదు.

"వాడేమన్నాడు? ఫిద్దా గురించి?"

"నేనే చెప్పాను అంతా. ఏడిచాడు. తర్వాత వాడే అన్నాడు, 'నన్ను నజఫ్‌లో పాతిపెట్టేయమ్మా. గోరీ ఉన్నవాడిని ఎవరు అడుగుతారు? నేను ముహమ్మరా రేవుకి పోయి ఓడల్లో పని చూసుకుంటాను' అని. పదమూడు రోజులు మీ పెద్దమ్మ ఇంట్లో, ఏటి అవతల దాక్కున్నాడు. నాకిద్దరు కొడుకులు, ఛాసిబ్. ఒకడు మట్టిలో ఉండాలి. లేకపోతే ఇద్దరూ కత్తులు తీస్తారు. ఉండేదెవరో వాడే తేల్చుకున్నాడు, నన్ను తేల్చమనకుండా."

"అక్కా!" గోతి దగ్గరనుంచి మత్రూద్ కేక. "ఒకసారి ఇటు రావాలి."

అతను చాప పరిచి, శవాన్ని భుజాలు పట్టి లేపేసరికి కంబళి జారిపోయింది. లోపల సిపాయి చొక్కా లేదు. తెల్లటి లోచొక్కా ఒక్కటే.

"అక్కా, నాకు చెవుడొచ్చింది, మీరేం మాట్లాడుకున్నారో నాకు తెలీదు," అన్నాడు మత్రూద్. "కాని కళ్ళింకా పోలేదు. ఈ కంబళి చూడు. నెత్తురంతా లోపలి వైపు. ఒక్క చిల్లు లేదు. గుండు తగిలినా, ముక్క తగిలినా ముందు పైబట్ట చిరగాలా వద్దా? ఇప్పుడిక్కడ చేయి పెట్టు." కిస్మా చేయి పట్టుకుని శవం వీపు మీద, ఎడమ రెక్క ఎముక కింద పెట్టాడు.

లోచొక్కాకి సన్నటి కోత. బొటనవేలి వెడల్పు. దాని కింద ఒంటికీ అంతే.

"ఇది వెనకనుంచి కత్తిపోటు. బోర్లా పడుకుని నిద్రపోతున్నవాడికి పడ్డది. మన కత్తులే ఇలా దిగుతాయి. చొక్కా ముందు విప్పించారో, పొడిచాక విప్పారో నాకు తెలీదు. తడిసిన చొక్కా విప్పి ఆరేసుకుని పడుకున్నాడేమో పాపం. కంబళి మాత్రం తర్వాత కప్పిందే."

కిస్మా వేలు ఆ కోతలో ఉండిపోయింది. చివరికి చాలా నెమ్మదిగా, "జబాలా నిద్రలో ఒక పేరు పలవరించేవాడు," అంది. "పెద్దమ్మ ఇంట్లో నా పక్కన పడుకుని. బళ్ళారిలో స్నేహితుడేమో అనుకున్నాను. 'వద్దు, షెవ్‌కెత్, లేవకు. లేవకు, షెవ్‌కెత్' అని."

ఆ పేరు వినబడగానే గోతిలో ఏదో వదిలింది. చప్పుడు కాదు. ఊపిరి బిగబట్టినవాడు వదిలేసినట్టు. గోడల మట్టి దానంతటదే పొడిపొడిగా రాలింది. చలి పోయింది, ఎండ వచ్చి పడింది. ఎండతోపాటు వాసన వచ్చింది, ఐదేళ్ళ వాసన, ఒక్కసారిగా. చూస్తుండగానే ఆ నూనూగు మీసపు మొహం బుగ్గల దగ్గర లోపలికి కుంగింది. మత్రూద్ తలగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుని, "లాహౌల," అని దేవుణ్ణి తలుచుకుంటూ వెనక్కి పడ్డాడు. మట్టికి ఎవరి పేరు చెప్పారో వాళ్ళని కాదు, ఎవర్ని ఇచ్చారో వాళ్ళనే అది దాచింది. పేరు దొరికాక ఇక దాచవలసిన పని లేదు.

ఛాసిబ్ అప్పటికే కంచరగాడిద పగ్గం విప్పుతున్నాడు.

"నన్నూ ఎక్కించు," అంది కిస్మా. ఇందాకటి పెత్తనం ఆ గొంతులో లేదు. చేతులు గాలిలో కొడుకు కోసం వెతుకుతున్నాయి. "ఛాసిబ్, నన్నూ ఎక్కించరా. తొందరగా పోదాం."

"ఎక్కడికమ్మా తొందర? వాడు ఏటి అవతల పెద్దమ్మ ఇంట్లో ఉన్నాడుగా?"

కిస్మా చాచిన చేతులు కిందికి దించింది. తీగ స్తంభాలు గుయ్యిమంటున్నాయి.

"ఈ వారమే పోవాలన్నావు. కళ్ళు లేనిదానివి నువ్వూ వస్తానన్నావు. అమ్మా, వాడెక్కడున్నాడు?"

"మన ఇంట్లో," అంది కిస్మా. "నాలుగు రోజులడిగాడు. పుట్టినిల్లు ఒకసారి చూసుకుని పోతానన్నాడు. నువ్వుంటే రక్తం కళ్ళజూస్తారని నిన్ను బయటికి తీసుకొచ్చాను. మనం ఇటు బయల్దేరాం, వాడు అటు ఇంట్లోకి వచ్చి ఉంటాడు."

"ఫిద్దాకి చెప్పావా?"

"లేదు. తనే చెప్పుకుంటానన్నాడు."

ఛాసిబ్ లెక్కపెట్టాడు. వేళ్ళు మడవక్కర్లేదు. ఇవాళే నాలుగో రోజు. వెనక్కి ఇంకో నాలుగు రోజుల దారి, అదీ దారులు తెరిచి ఉంటే. ఇనుపదారి పీకేసినవాళ్ళు వంతెనలు ఉంచుతారా?

"నాలుగు రోజులయ్యాక ముహమ్మరా పోతానన్నాడు కదమ్మా. ఒక్కడే పోతానన్నాడా?"

పువ్వులు వేసిన ఆ రెండు కళ్ళూ కొడుకు గొంతు వచ్చిన వైపు తిరిగాయి.

"ఆ మాట," అంది కిస్మా, "నేనడగలేదురా."